పసివారి యింటిపని

సాయంసంధ్య దాటి దీపము పెట్టిన వెనుక నే యింటి ముంగిట నిలిచి చెవియొగ్గినను నొకటే తీరు మాటలు వినవచ్చుచుండును. "ఇంకా ఎన్ని లైన్లున్నాయిరా?" అని తల్లి, "అయిపోతోందమ్మా" అని బిడ్డ, నడుమ నొక నిట్టూర్పు, పెన్సిలు నేలమీద పడిన చప్పుడు. పగలంతయు బడిలో కూర్చుండి వచ్చిన యెనిమిదేండ్ల పసివాడు రాత్రి యెనిమిది గంటలకు కన్నులు మూతలు పడుచుండగా నొకే వాక్యమును పదిమాఱులు వ్రాయుచుండును. పదవమాఱు వ్రాయునప్పటికి వాక్యములో నొక యక్షరము జాఱిపోవును. తల్లి కసరును. బిడ్డ యేడ్చును. కంచములో నన్నము చల్లారును. ఈ కథ యెఱుగని యిండ్లు మన చదువరులలో నెన్ని యుండునో చెప్పజాలము గాని, మా యిల్లు మాత్రము వానిలోనిది కాదు.

మేమొక ప్రాథమిక పాఠశాలోపాధ్యాయుని యిల్లాలము. మా కాపురము కోనసీమలో, గోదావరి పాయకు చేరువనున్న యొక పల్లెలో. మేము బడికి పోయి చదివినది స్వల్పము. మా తాతగారి యరుగుమీద కూర్చుండి అమరమును, బాలరామాయణమును, భారత భాగవతములలోని కొన్ని ఘట్టములను చదువుకొంటిమి. కావున విద్యాశాస్త్రమును గూర్చి యుపన్యసించు నధికారము మాకు లేదు. ఐనను రెండు పొరపాటులు మా చేతిమీదుగా జరిగినవి. వానిలో నొకటి మా బిడ్డకును, రెండవది పరుల బిడ్డకును నొప్పి కలిగించినది. తప్పు చేసినవారు చెప్పిన మాట యొక్కొక్కప్పుడు పండితులు చెప్పిన మాటకన్న నుపకరించునను నమ్మకముతో నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా తాతగారు చదువు విషయమున కఠినులు. శ్లోకములో నొక్క పదము తప్పినను మఱల మొదటినుండి చెప్పవలసినదే. అట్టివారును వారమునకొకమాఱు పుస్తకముతో పనిలేని పని యొకటి యొప్పగించెడివారు. అమరకోశములో వనౌషధివర్గము చదువు దినములలో, "రేపు వచ్చునప్పుడు పెరటినుండి యైదు తీరుల యాకులు తెమ్ము, కన్నులు మూసికొని వాసన చూచి పేరు చెప్పవలెను" అనిరి. మఱియొకప్పుడు, "తెల్లవాఱక ముందు మేలుకొని, కాకి కూయులోపల నీ చెవిని పడిన చప్పుడులన్నియు వరుసగా వచ్చి నాకు చెప్పుము" అనిరి. ఆనాడు వల్లెవేసిన శ్లోకములలో సగము మఱచిపోయితిమి. ఆ వేకువను విన్న బావిగిలక కిఱకిఱయు, దూడ మెడలోని గంటయు, పొరుగింట నెవ్వరో కళ్లాపి చల్లిన చప్పుడును నేటికిని మా చెవులలో నున్నవి.

ఇట్టి పని మా తాతగారు కొత్తగా కనిపెట్టినది కాదు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతునకు ఉప్పుగల్లు నిచ్చి, దీనిని నీటిలో వేసి రేపుదయమున రమ్మనెను. మఱునాడు, నిన్న వేసిన యుప్పు తెమ్మనెను. కుమారుడు వెదకెను, కానరాలేదు. పైనుండి, నడుమనుండి, అడుగునుండి నీరు చప్పరించి చూడుమనెను. మూడు చోట్లను ఉప్పే. మఱ్ఱిపండును పగులగొట్టించి, విత్తనమును చీల్పించి, లోపల నేమి కానవచ్చెనని యడిగినదియు నా తండ్రియే. ఇంటిపని యనగా నిదియే గదా! పన్నెండేండ్లు చదివి గర్వముతో వచ్చిన కొడుకునకు తండ్రి చెప్పదలచిన పెద్దమాట రాత్రి నీటిలో నానిన యుప్పుగల్లు వలన తేటపడెను.

ఇంత చదివియు మేము చేసిన మొదటి పొరపాటు వినుడు. మా కుమారుడు మూడవ తరగతిలో నుండగా, వాడు చదువు బడిలో "మన యూరి నమూనా" చేసి తెమ్మని పిల్లలందఱకు చెప్పిరి. సృజనాత్మకమైన యింటిపని యని దానికి పేరు. మావాడు ఆ సాయంకాలమే పెరటిలోనికి పోయి అరటిదొప్పతో నొక పడవను, కొబ్బరిచిప్పతో గుడిగోపురమును, మట్టితో కాలువగట్టును చేయ మొదలిడెను. మేము చూచితిమి. పడవ వంకర, గోపురము బోర్లించిన చిప్పవలెనే యున్నది. తక్కిన పిల్లలు తెచ్చు నమూనాలముందు మావానిది చిన్నబోవునని మాకు బెంగ కలిగెను. పట్టణమునకు మనిషిని పంపి, థర్మోకోలు పలకలు, రంగు కాగితములు, జిగురు సీసాలు తెప్పించితిమి. రాత్రి పదునొకండు గంటల దనుక బ్లేడుతో కోసి, యంటించి, చక్కని యూరిని కట్టితిమి. వాడు తొమ్మిదింటికే చాపమీద నిద్రపోయెను.

మఱునాడు ఆ నమూనా బడిలో అద్దాల బీరువాకు ఎక్కినది. మేము సంతోషించితిమి. వాడు మాత్రము ఇంటికి వచ్చి పలుకక కూర్చుండెను. ఏమిరా యని గ్రుచ్చి గ్రుచ్చి యడుగగా, "అది నువ్వు చేసిందే కదమ్మా. నేను చేసిన పడవ నువ్వు తీసేశావు" అనెను. వెదకగా నా యరటిదొప్ప పడవ తులసికోట వెనుక నెండి ముడుచుకొని పడియున్నది. ఆ రాత్రి మావారితో ఈ మాట చెప్పితిమి. వారు కొంతసేపూరకుండి, "పని నీది, మెప్పు వానిది, మఱి సిగ్గు ఎవరిది?" అని మాత్ర మనిరి.

ఇందులో మా గొప్పతనమునకు మించిన కీడొకటి యున్నది. తల్లి చదువుకొన్నదై, చేతిలో నాలుగు రూపాయ లున్నదైనచో పిల్లవాని నమూనా బీరువా కెక్కును. తల్లి కూలికి పోవునదైనచో వాని నమూనా మూలకు పోవును. అప్పుడు బడి కొలుచుచున్నది బిడ్డల తెలివిని గాదు, తల్లుల తీరికను, తండ్రుల సంచిని.

ప్రభుత్వమువారును ఈ భారమును గూర్చి యాలోచింపక పోలేదు. మొదటి రెండు తరగతుల పిల్లలకు ఇంటిపని యీయరాదని 2018లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పినది. 2020లో కేంద్ర విద్యాశాఖవారు ప్రకటించిన బడిసంచి విధానములోను ఆ రెండు తరగతులకు ఇంటిపని వలదనియు, మూడు మొదలు ఐదు వఱకు గల తరగతులకు వారమునకు రెండు గంటలకు మించరాదనియు నున్నది. దినమునకు గాదు, వారమునకు! నిన్నటి సాయంకాల మెట్లు గడిపితివి, ఏమి యాటలాడితివి, ఏమి తింటివి యని యడిగి పిల్లలచేత తరగతిలో చెప్పించుడని కూడ నందు సూచించిరి. చట్టము కాగితముమీద నున్నది. పలక మన యింట నున్నది. రెంటికిని నడుమ దూరము మన మెఱిగినదే.

ఇక రెండవ పొరపాటు. దీనిని వ్రాయుటకు చేయి వెనుదీయుచున్నది. మా నమూనా ముచ్చట జరిగిన పిదప మావారు తమ బడిపిల్లలకు కాసుఖర్చు లేని పనులు మాత్రమే యిచ్చుచుండిరి. "నీకేమైన తోచునా?" అని యొకనాడు మమ్మడిగిరి. పురాణములు చదివిన బుద్ధి గదా, "వంశవృక్షము వ్రాయించుడు" అని ఠక్కున చెప్పితిమి. తండ్రి, తాత, ముత్తాతల పేళ్లు; వారి యూళ్లు; వారి పనులు. పిల్లలు పెద్దలను ప్రశ్నింతురు, ముసలివారు మురిసి చెప్పుదురు, కాగితము పెన్సిలు తప్ప ఖర్చు లేదు. ఇంతకంటె చక్కని పని యుండునా యని మాలో మేము మెచ్చుకొంటిమి. మావారికిని నచ్చినది. చెట్టు బొమ్మ గీసి, కొమ్మ కొమ్మకు పేరు వ్రాసి తెమ్మని నాలుగవ తరగతికి చెప్పిరి.

పిల్లలు తెచ్చిరి. వారిలో నొక బాలిక తెచ్చిన చెట్టుకు కుడివైపుననే కొమ్మ లున్నవి. అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మకు తల్లి. ఎడమవైపు మోడు. మావారు పని తొందరలో, "మిగిలినది కూడ నింపి రేపు తెమ్ము" అని చెప్పి మఱియొక కాగితము తీసికొనిరి. ప్రక్కనున్న పిల్లలు నవ్విరట. మఱునాడు ఆ బాలిక బడికి రాలేదు. ఆ మఱునాడును రాలేదు.

మూడవనాటి సాయంకాలము మేమిద్దఱమును వారి యింటికి పోయితిమి. తల్లి చూరుక్రింద కొబ్బరిపీచుతో తాడు పేనుచున్నది. మమ్ము చూచి లేచి, చేతులు దులుపుకొని, పీట వేసినది. కోపము చూపలేదు. చూపినను బాగుండెడిది. "అమ్మగారూ, పిల్ల రాత్రంతా ఏడ్చిందండి. తండ్రి పేరంటే రాస్తుంది. ఆయన తండ్రెవరో, తాతెవరో ఎవరు చెబుతారండి? ఆ మనిషి మమ్మల్ని వదిలి వెళ్లి ఆరేళ్లయింది. నా వైపు పేర్లు నేను చెప్పానండి. చెట్టుకి ఒక పక్కే కొమ్మలేంటే అని పిల్లలు నవ్వారంట" అనినది. బాలిక తలుపు చాటున నిలిచి యున్నది. పిలిచినను రాలేదు. మావారు పీటమీద కూర్చుండక నేలమీదనే కూర్చుండి, "తప్పు నాది తల్లీ" అనిరి. మేమా మాటయు ననలేకపోతిమి. ఆలోచన మాది గదా.

ఇంటికి తిరిగి వచ్చుచుండగా త్రోవలో మాకు తటాలున జ్ఞప్తికి వచ్చినది. ఆ ఛాందోగ్యములోనే, శ్వేతకేతుని కథకు ముందుగనే, సత్యకాముని కథ యున్నది. చదువుకొనబోవు బాలుడు తన గోత్రమేదని తల్లి నడిగెను. నాయనా, నే నెఱుగను. నా పేరు జబాల, నీ పేరు సత్యకాముడు. సత్యకామజాబాలుడనని చెప్పుకొమ్మని తల్లి చెప్పెను. బాలుడు గౌతమునియొద్ద ఉన్నదున్నట్లు చెప్పెను. ఆ గురువు మిగిలిన పేళ్లు నింపి రేపు రమ్మనలేదు. సత్యము తప్పలేదు గనుక నిన్ను శిష్యునిగా గైకొందునని, సమిధలు తెమ్మనెను. ఈ కథను మేము చిన్ననాట చదివితిమి. పెద్దయైన పిదప నలుగురకు చెప్పితిమి. చెప్పునప్పుడు కన్నులు చెమర్చినవి కూడ. ఆ తల్లియు నా బిడ్డయు మా యూరి చూరుక్రింద నుందురని మాత్రము మాకు తోచలేదు. చదివినది వేళకు నక్కఱకు రానిచో నది చదువెట్లగును?

ఆ రాత్రి చాలసేపాలోచించి పనిని మార్చితిమి. వంశవృక్షమునకు బదులు "నేర్పినవారి చెట్టు." నీకు తెలిసిన పనులలో ఏది యెవరు నేర్పిరో కొమ్మకొకటిగా వ్రాయుము. అంతే. తండ్రి లేని బిడ్డకు నిందులో మోడు లేదు. పదిమంది చుట్టములున్న బిడ్డకు నిందులో నెక్కువ గొప్పయు లేదు. చేతివ్రేళ్లతో లెక్కించుట తాత, ఈత పొరుగింటి యన్న, గేదెను మళ్లించుట మేనమామ. ఒక పిల్లవాడు చెట్టు నెక్కుట తనకు ఉడుత నేర్పినదని వ్రాసినాడు. దానిని కొట్టివేయలేదు.

బాలిక నాలుగవనాడు బడికి వచ్చినది. ఆమె చెట్టుకు అమ్మ, అమ్మమ్మ, రేవు దాటించు పడవవాడు, తరగతిలోని యొక నెచ్చెలి, ఇట్లు ఏడు కొమ్మలు. అన్నిటిని మావారు గోడకు అంటించిరి. ఐనను కథ సుఖాంతమైనదని చెప్పుకొనుట మాకు తగదు. ఆ పిల్ల నోటుపుస్తకములో నాటి మొదటి పుట చింపివేసి యున్నది. మమ్ము వీధిలో చూచినచో చాలకాలము తలవంచుకొని ప్రక్కకు తొలగిపోయెడిది.

నాటినుండి ఏ పనియైనను పిల్లలకు చెప్పకముందు మేమిద్దఱమును మూడు ప్రశ్నలు వేసికొనుచున్నాము. దీనికి అంగడికి పోవలసి యుండునా? ఇంట చదువు వచ్చిన పెద్దవారు లేనిచో నిది సాగదా? దీనివలన ఏ బిడ్డయైన తన యింటిని గూర్చి తలవంచుకొనవలసి వచ్చునా? మూటికిని "లేదు" అని తోచిననే ఆ పని బడికి పోవును. సోదరీమణులకు ఉపయోగపడునేమో యని, మా బడిపిల్లలు మనసుపెట్టి చేసిన పనులు కొన్ని యిట వ్రాయుచున్నాము.

మొదటిది ముగ్గు. ఇంటి ముందు పెట్టిన ముగ్గులో చుక్కలెన్నియో లెక్కించి రమ్మనవలెను. నడుమ ఏడు చుక్కలు పెట్టి, ఇరువైపుల ఐదు, మూడు, ఒకటిగా తగ్గించిన ముగ్గునకు మొత్తము 25 చుక్కలు. సందుచుక్కలతో ఏడు మొదలు నాలుగు వఱకు తగ్గించినచో 37. లెక్కించిన పిల్లలు ఊరకుండరు. ఒకటి, మూడు కూడిన నాలుగు. దానికి ఐదు కలిపిన తొమ్మిది. దానికి ఏడు కలిపిన పదునాఱు. ఇవి రెండు రెండ్లు, మూడు మూళ్లు, నాలుగు నాలుగ్లు గదా యని తామే కనుగొందురు. ఎక్కములను తిట్టుకొనుచు చదివిన పిల్లకు, అవి తన తల్లి తెల్లవాఱుజామున వాకిట పెట్టుచున్నవే యని తెలిసినపుడు కలుగు సంతోషము చూడదగినది.

రెండవది మొలక. పిడికెడు పెసలును, పిడికెడు శనగలును రాత్రి నానవేసి, మఱునాడు తడిగుడ్డలో మూటకట్టవలెను. మొలక వచ్చిన గింజలను, అడుగున చిల్లిపెట్టిన కొబ్బరిచిప్పలో మట్టిపోసి నాటి, దినమున కొక బొమ్మ వేయవలెను. పెసరమొలక తన గింజ రెండు బద్దలను నెత్తిమీద పెట్టుకొని మట్టిపైకి వచ్చును. శనగమొలక తన బద్దలను మట్టిలోనే దాచి ఆకునుమాత్రము పైకి పంపును. ఈ భేదమును పిల్లలకు ముందుగా చెప్పరాదు. చెప్పితిమా, వారు చూచుట మానుదురు.

మూడవది కొలత. అటుకమీదనో, ఏ మూలగదిలోనో పాత సోలయు తవ్వయు మానికయు నుండును. లేనివారు పొరుగింట నుండి తేవచ్చును. ఇసుకతో కొలిచి, ఏది దేనిలో నెన్నిసార్లు పట్టునో చూడవలెను. నాలుగు గిద్దెలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. కనుక మానికకు పదునాఱు గిద్దెలు. ఈ లెక్క విని మా యూరి ముసలమ్మ యొకతె, "రూపాయికి పదహారణాలు లాగానేనే" అని మనుమరాలికి చెప్పినదట. 1957లో నూఱు నయాపైసల రూపాయి వచ్చువఱకు లెక్క అదియే గదా! ఆ సాయంకాలము అవ్వకును మనుమరాలికిని పాఠ మొక్కటియే యయ్యెను.

నాలుగవది మాట. మా ప్రాంతమున కొబ్బరిచెట్టు లేని పెరడు లేదు. దాని భాగములకు పేళ్లేవి, వానితో చేయు వస్తువు లేవి యని వ్రాసి తెమ్మనిరి. మట్ట, ఈనె, గెల, బోండము, పీచు, చిప్ప, కురిడీ. ఈనెతో చీపురు, పీచుతో తాడు, చిప్పతో గరిటె. పాఠ్యపుస్తకములో లేని మాటలెన్నో కాగితముల కెక్కినవి. ఇంట తాడు పేనువారి పిల్లలే ఆనాడు తక్కినవారికి పంతుళ్లైరి.

ఇట్లు చెప్పగా, "ఆటలతో పొద్దుపుచ్చినచో ఎక్కములెప్పుడు వచ్చును? దస్తూరి యెట్లు కుదురును?" అని యడుగు తల్లులున్నారు. న్యాయమైన ప్రశ్నయే. ఎక్కములు కంఠస్థము కావలసినదే. పద్యము నోటికి రావలసినదే. ఆ విషయమున మేము మా తాతగారి పక్షమే. కాని పదిమాఱులు నిద్రకన్నులతో వ్రాసిన వాక్యముకంటె, మొలకను చూచి తన మాటలలో వ్రాసిన రెండు వాక్యములలో బిడ్డ యెక్కువ యక్షరములు నేర్చుకొనును. ఏలయన వ్రాయుటకు వానికొక విషయమున్నది. గుజరాతు దేశమున భావనగరములో గిజుభాయి బధేకా యను మహనీయు డుండెను (1885–1939). న్యాయవాదవృత్తిని విడిచి పసివారి బడిలో చేరి, "మీసాల తల్లి" యని పేరుపొందెను. ఆయన వ్రాసిన "దివాస్వప్న" మనకు "పగటికల" యను పేర తెలుగులో లభించుచున్నది. నాలుగవ తరగతి పిల్లలకు కథలతోను, ఆటలతోను చదువు చెప్పబూనిన యొక యుపాధ్యాయుని కథ యది. తోడి యుపాధ్యాయులు నవ్వుదురు. పరీక్షల మాట యేమందురు. నేడు మన మడుగుచున్న ప్రశ్నలన్నియు అందున్నవి. ఇంట నొక ప్రతి యుండదగిన పుస్తకము.

మఱియొక మాట. నేడు చాలమంది యిండ్లలో సెల్‌ఫోను ఉన్నది. "నెమలిని గూర్చి పది వాక్యములు" అని యడిగినచో పిల్లవాడు దానిని తల్లి చేతికిచ్చును; తల్లి ఫోనునడుగును; ఫోను పది వాక్యములిచ్చును. బిడ్డ దానిని చూచి వ్రాయును. గురువు దానిని చూచి సంతకము చేయును. నలుగురిలో నొక్కరైనను నెమలిని చూడలేదు. మీ వాకిటి చుక్కలెన్ని యని యడిగినచో ఫోను చెప్పలేదు. పిల్లలు తెచ్చిన దానిని గురువు చూడవలయుననుటయు ముఖ్యమే. మావారు ఉదయమున మొదటి యరగంట అందుకే యుంచిరి. తెచ్చినది చూడనిచో రెండవసారి తేరు.

ఇక తల్లులము మనమేమి చేయవలెను? మా యనుభవమును బట్టి చెప్పవలెనన్న, చేయక యుండుట నేర్చుకొనవలెను. దగ్గఱ కూర్చుండవచ్చును, అడిగిన దానికి జవాబీయవచ్చును, కత్తెర పట్టుకొన్నపుడు వ్రేలు తెగకుండ చూడవచ్చును. వంకరగా వచ్చిన పడవను వంకరగానే యుండనీయవలెను. ఇది చూచుటకు సులభము. మా వంటివారికి మిక్కిలి కష్టము.

చివరిది నీడ. మూరెడు కఱ్ఱను నిటారుగా నేలలో పాతి, గంటకొకసారి నీడ యెంత యున్నదో కొలువవలెను. ఉదయమున పడమటికి పొడవుగా నుండును, క్రమముగా కుఱుచయగును, మధ్యాహ్నము దాటిన పిదప తూర్పునకు సాగును. మా ప్రాంతమున మే నెల మొదటి వారములోను, మరల ఆగస్టు మొదటి వారములోను నొక దినమున సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. అప్పుడు నీడ కఱ్ఱ మొదటనే అణగిపోవును. ఆ రెండు దినముల నడుమ మధ్యాహ్నపు నీడ దక్షిణమునకు పడును. తక్కిన కాలమంతయు నుత్తరమునకు. మే నెలలో బడికి సెలవులు. కావున మావారు ఆగస్టునందే పిల్లల నడిగిరి. వానకాలము గదా, మొదటి రెండు దినములును మబ్బే. పిల్లలు కఱ్ఱలచుట్టు తిరిగి విసిగిరి. మూడవనాడు పండ్రెండు దాటిన కొలది నిమిషములకు మబ్బు విడినది. నీడ లేదు! బడియంతయు కేకలు.

ఆనాడు తక్కిన పిల్లలు స్కేలుతో కొలిచి సంఖ్యలు వ్రాసిరి. ఆ బాలికయొద్ద స్కేలు లేదు. ఆమె యొక కొబ్బరితాడు తెచ్చి, దాని కొనను కఱ్ఱ మొదట నానించి, గంట గంటకు నీడ చివర యెచ్చట నున్నదో అచ్చట నొక ముడి వేసినది. తొమ్మిది గంటల ముడి దూరమున. పది, పదునొకండు దగ్గఱ దగ్గఱగా. పండ్రెండింటి ముడి తాటి మొదటనే. సంఖ్య లేని లెక్క. చదువు రానివారికిని చేతితో తడిమి చూచినచో తెలియు లెక్క. మావారు దానిని గోడకు తగిలించిరి.

ఆ సాయంకాలము మేము బడికి పోయి దానిని చూచుచుండగా బాలిక ప్రక్కకు వచ్చి నిలిచినది. ఈమాఱు తలవంచలేదు. "చాల బాగున్నదమ్మా, అమ్మ చేసియిచ్చినదా?" అని మేము, పాతబుద్ధి పోక, అడిగితిమి.

"తాడు మా అమ్మ పేనిందండి. ముడులు మాత్రం నావే" అని చెప్పి, సంచి భుజమున వేసికొని ఇంటికి పరుగెత్తినది.